ఆంటీ మడిలో జానెడు మన్ను

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మా బ్లాకు పక్కన ఆగిపోయాను. ఏదో పైపు వేయడానికి కాలిబాట వెంబడి పొడుగ్గా కందకం తవ్వారు. చాంగీ బిజినెస్ పార్కులో రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని వచ్చిన మనిషికి ఇంటికి పోయి కాళ్లు చాపుకుందామని ఉంటుంది గాని కందకాలు చూద్దామని ఉండదు. అయినా చూశాను. కత్తితో కోసినట్టు నిలువుగా కోసిన నేల. పైన జానెడు మందాన నల్లటి మన్ను, అందులోంచి వేలాడుతున్న గడ్డి వేళ్లు. ఆ కింద గీత గీసినట్టు రంగు మారిపోయింది. అక్కణ్నుంచి అంతా పసుపుపచ్చ ఇసుక, ఇసుకలో నున్నటి గులకరాళ్లు, తవ్వినంత లోతూ అవే. ఈ సంగతి నాకు కొత్త కాదు. అయినా వంగి చూస్తూ ఉండిపోయాను. నేను కదలకుండా నిలబడడం చూసి, అక్కడ పనిచేస్తున్నతను నేనేదో ఉంగరం పడేసుకున్నాననుకుని తనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు. ఏమీ పోలేదని చెప్పి వచ్చేశాను గాని, దారంతా మా మామగారే గుర్తొచ్చారు.

మా మామగారు దివిసీమ రైతు. కొన్నేళ్ల క్రితం మా దగ్గర కొన్ని నెలలుందామని విమానమెక్కి టాంపినీస్ వచ్చారు. మాది పైఅంతస్తు ఫ్లాటు. వచ్చిన వారానికే ఆయన ముఖం వేలాడేశారు. టీవీ వద్దు, గుడి వద్దు, షాపింగు మాల్ అసలే వద్దు. ఏం కావాలి మావయ్యగారూ అంటే, "కాలికి నేల తగలట్లేదమ్మాయ్" అన్నారు. ఇక లాభం లేదని కింద బ్లాకు వాళ్లంతా కలిసి పెంచుకునే తోటలో పేరు రాయించి, చాపంత మడి ఒకటి సంపాదించాను. ఆయన పెళ్లిచూపులకు వెళ్లినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగారు. గుప్పెడు మన్ను తీసి, నీళ్లు చిలకరించి, వేళ్ల మధ్య నులిమి, వాసన చూసి, వెలిగిపోయారు. "గరప నేలమ్మాయ్. ఇసకా ఉంది, బంకా ఉంది, రెండూ సమంగా కలిసినయ్. దీంట్లో ఏదేసినా వస్తది" అని ప్రకటించారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే ఆయన చూసింది పైపైన ఉన్న మన్ను.

మొదటి దెబ్బ నీళ్ల దగ్గర తగిలింది. కృష్ణా డెల్టాలో పెరిగిన మనిషికి తడి పెట్టడమంటే ఒకటే పద్ధతి: మడికి గట్టు కట్టి, నిండా నీళ్లు నిలబెట్టి, వారం దాకా అటు చూడకపోవడం. రేగడి నేల ఆ తడిని దాచుకుంటుంది. ఆయన ఇక్కడా బుజ్జి బుజ్జి గట్లు కట్టి, గొట్టం పెట్టారు. మా అమ్మాయి కంగారుగా, "తాతా, కెనాట్ లా! అలా పెట్టకూడదు, నీళ్లు నిలబడితే దోమలు వస్తాయి, ఫైన్ వేస్తారు" అని మొత్తుకుంది. దానికా భయం అక్కర్లేకపోయింది. గొట్టం కట్టేసి ఆయన చెప్పులు కడుక్కుని వెనక్కి తిరిగేసరికి మడిలో చుక్క నీరు లేదు.  గట్టు తెగిందేమోనని చుట్టూ తిరిగి చూశారు. మళ్లీ నింపారు, మళ్లీ మాయం. "ఏందమ్మాయ్ ఇది, అడుగు లేని కుండ లాగుంది!" అన్నారు. ఆ మర్నాటి మధ్యాహ్నానికే వంగ నారు తలలు వేలాడేసింది. చల్లిన ఎరువు కూడా నీళ్లతోపాటే ఎటో దిగిపోయి, ఆకులు పాలిపోయాయి. ఇక్కడి వానల సంగతి చెప్పక్కర్లేదు, ఆకాశం చిల్లులు పడ్డట్టు కురుస్తుంది. ఆ వాన వెలిసిన కాసేపటికే తోటలో తెల్ల చెప్పులతో తిరగొచ్చు. బురద అంటని నేలను ఆయన జన్మలో చూడలేదు. ఒక్కోసారి అనుమానంగా నావైపు చూసేవారు, నేనేదో చేసినట్టు.

పక్క మడి ఒక ఆంటీది. ఆవిడ తాతల నాడు వైజాగ్ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఆవిడ తెలుగులో సగం అరవం, పావు వంతు మలయ్ భాష. మా మామగారు ఆవిడను అక్కగారూ అని పిలిచేవారు, ఆవిడ తమ్ముడూ అనేది. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఆంటీ మడి తోటలో అన్నిటికంటే నల్లగా, వార్చిన అన్నమంత మెత్తగా ఉండేది. అందులో గోంగూర, ఆనపతీగ, ఓ మూల వంటల్లో వాసనకు వేసే పాండన్ ఆకు. ఆవిడ పొద్దునా సాయంత్రం చెంబుతో కాసిని కాసిని నీళ్లు చల్లేది, అంతే. "కొంచెం కొంచెం పొయ్యాలి తమ్ముడూ, దినమూ పొయ్యాలి" అని చెప్పి చూసింది. మామగారు ఆవిడ ముందు తలూపి, మెట్లెక్కుతూ నాతో, "ఆవిడికి మంచి ముక్క తగిలిందమ్మాయ్, మనకి తగల్లేదు" అనేవారు. అడుగున ఎక్కడో రేగడి ఉండే తీరాలని, దాన్ని పైకి తెస్తే ఈ జబ్బు కుదురుతుందని ఆయన నమ్మకం. వాళ్ల ఊళ్లో వేసవిలో లోతు దుక్కి దున్ని అడుగు మట్టిని పైకి తిరగేస్తారు. ఆ ధ్యాస ఆయన్ని వదలలేదు.

ఇంతలో ఆంటీకి మోకాలి ఆపరేషన్. ఆస్పత్రికి వెళ్లేముందు ఆవిడ గట్టు మీద కూర్చుని, "నా మడి సూసుకో తమ్ముడూ" అంది. దివిసీమలో ఈ మాటకు ఒక అర్థం ఉంది. పక్క రైతు మంచాన పడితే వాళ్ల చేను దున్నాకే మన చేను దున్నుకోవాలి. నీళ్లు చల్లమని ఆవిడ అడిగింది. ఆయనకు మాత్రం అది నీళ్లతో సరిపెట్టే మాట కాదు. ఆ శనివారం పొద్దున నేను కాఫీ పట్టుకుని కిందికి దిగేసరికి ఆంటీ మడి కనబడలేదు. కనబడలేదంటే, ఉండాల్సిన చోట పసుపుపచ్చ ఇసుక గుట్ట ఉంది. దాని నిండా గోలీకాయలంత, నిమ్మకాయలంత గులకరాళ్లు. నడుము లోతు గుంటలో పార పట్టుకుని మామగారు. గోంగూర మొక్కల్ని జాగ్రత్తగా తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టారు. నల్ల మన్నంతా గుంట అడుక్కి పోయింది. నా చేతిలో కాఫీ ఒలికిపోయి వేళ్లు కాలాయి. "ఏం చేశారు మావయ్యగారూ?" అన్నాను.

"ఇల్లు కట్టినోళ్లు చెత్త పూడ్చారనుకున్నానమ్మాయ్. ఇంకాస్త పోతే రేగడి తగులుద్దనుకున్నా" అన్నారు. గుప్పెడు ఇసుక ఎత్తి చూపించారు. "తగల్లేదు. ఎంత తవ్వినా ఇదే." అప్పుడే పక్క బ్లాకు పెద్దాయన ఒకరొచ్చి, ఒకప్పుడు ఈ వైపంతా ఇసుక, కంకర తవ్వి తీసేవారని, నేల సహజంగానే అంతే అని చెప్పి వెళ్లాడు. మామగారు గుంటలోనే కూర్చుండిపోయారు. జీవితమంతా మట్టి ముఖం చూసి మనసు చెప్పిన మనిషి. ఆయన్ని పైకి తీసుకురావడానికి మా ఆయన దిగాల్సి వచ్చింది.

ఆంటీ వచ్చేదాకా ఆయన మా వంటింటి జల్లెడతో రాళ్లు ఏరుతూనే ఉన్నారు. ఇసుకలో కలిసిపోయిన నలుపు జల్లెడకు వేరుపడదు. తోట కమిటీ వాళ్లు మా మడి వెనక్కి తీసుకుంటామన్నా తీసుకుంటారు, దానికి నేను సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ ముఖం ఎలా చూడాలన్నదే నా భయం. చివరికి ఆవిడ వచ్చింది, నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ. మడి ముందు నిలబడింది. కర్రతో ఓ గులకరాయిని కదిపింది.

"ఏటి తమ్ముడూ... మణ్ణంతా తిరగేసీసినావా" అంది.

మామగారు చేతులు జోడించారు. "మీకు మంచి ముక్క తగిలిందనుకున్నానక్కగారూ, అడుగున రేగడి ఉంటదని."

"ముక్క తగలడవేటి? ఇక్కడంతా పాసిరే గదా, అంతా ఇసకే. ఇక్కడి మా పాత ఊరు పడగొట్టి ఈ ఫ్లాట్లకి తోలినప్పుడు ఇక్కడ రెండు వేళ్ల మందం మణ్ణు ఉండీది. మిగతాది నాను సేసినాను. టీ పిప్పి, కొబ్బరి పిప్పి, రాలిన ఆకు... మా ఇంటాయన పోయిన దినం కూడా తెచ్చి ఏసినాను."

 అన్నేళ్లుగా ఆ నలుపు నేలదే అనుకున్నాం. అది ఆవిడ పోగేసిన రోజులు. మామగారు ఉన్నపళంగా పార అందుకుని తన మడి పైమన్ను తవ్వి ఆవిడ మడిలో పోయబోయారు. ఆంటీ కర్ర అడ్డం పెట్టింది. "వద్దు. అదీ పాడు సేసీకు. ఉన్నది కదపకు" అంది. ఆవిడ తిడుతుందని చూస్తున్నాను, కనీసం ఏడుస్తుందని. ఆవిడ చేతిసంచిలోంచి ఆస్పత్రిలో ఇచ్చిన నారింజపండు తీసి, ఒలిచి, తొనలు మా మామగారికిచ్చి, తొక్క చిన్న చిన్న ముక్కలు చేసి ఆ గులకరాళ్ల మీద చల్లింది. "ఎన్నాళ్లు పడతాదంటావు తమ్ముడూ?" అని అడిగింది. ఆవిడ ఎనభై దాటిన మనిషి. రైతు కాబట్టి ఆయనకు జవాబు తెలుసు. తొనలు చేతిలో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అంతకుముందు ఆయన ఏడవగా నేను చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

విజిట్ పాస్ గడువు అయిపోయి ఆయన వెళ్లిపోయారు. ఫోను చేస్తే మనవరాలి చదువు సంగతి తర్వాత చెబుదువుగాని, ముందు అక్కగారి మడి ఏ రంగుకొచ్చిందో చెప్పు అనేవారు. వస్తోంది మావయ్యగారూ అనేదాన్ని. నిజానికి ఇసుక ఇసుకలాగే ఉండేది. ఆంటీ మాత్రం ఓపికున్నంత కాలం రోజూ దిగి ఏదో ఒకటి వేసేది. ఓపిక తగ్గాక తొక్కలు, పిప్పి ఉన్న సంచి నా చేతికిచ్చి పంపేది. ఆవిడ పోయాక కమిటీ వాళ్లనడిగి ఆ మడి నేనే తీసుకున్నాను. మరుసటి ఏడు మామగారూ పోయారు. ఈ పొద్దున ఆ మడిలో చూపుడువేలు దించి చూశాను. నలుపు రెండు కణుపుల దాకా ఉంది, ఆ కింద గరుగ్గా ఇసుక తగిలింది. వాళ్లిద్దరూ వెళ్లిపోయేంత కాలం, నా వేలి మీద రెండు కణుపులు.