అరుగెక్కిన గొంతు

మీ ఊరి పంచాయతీ ఆఫీసులో ఉన్న సర్కారు రేడియో ఎవరిదని మీరెప్పుడైనా అడిగారా?

మా ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఆళ్ళగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో ఉంటుంది మా ఊరు. నేను చెప్పేది డెబ్బైల చివరి మాట. ఎమర్జెన్సీ పోయి, జనం మళ్ళీ నోరు తెరుస్తున్న రోజులు. పంచాయతీ అరుగు మీద చెక్కపెట్టెలో రేడియో, పైన దూలానికి కట్టిన మైకు గొట్టం. దాని మొహం పెద్దవీధి వైపు. మా పాలెం దాని వెనక, వాగు పక్కన. గాలి మా వైపు వీచిన సాయంత్రం నాలుగు మాటలు వచ్చేవి. వీచకపోతే అవీ లేవు. పోయి విందామంటే, మావాళ్ళు ఆ అరుగెక్కే ఆచారం లేదు. ఏసును నమ్ముకుని రెండు తరాలైనా అరుగు లెక్కలో మాది పాత కులమే.

నేనప్పుడు నంద్యాలలో చదువుతూ, చర్చాసభలు ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తేవాణ్ణి. ఢిల్లీలో సమాచార ప్రసారాల శాఖ అని ఒకటుందనీ, దేశంలో ప్రతి మనిషికీ కబురు చేర్చడం దాని పనేననీ అక్కడే విన్నాను. ప్రతి మనిషికీ! ఢిల్లీ నుంచి మా ఊరి దాకా వచ్చిన మాట, మా ఊరి నుంచి మా పాలేనికి రాలేకపోయింది. శబ్దానికి కులం లేదు, మైల లేదు. దాన్ని ఏ దేవుడూ ఆపలేదు. ఇనప గొట్టాన్ని అటు తిప్పి కట్టిన చెయ్యి ఆపింది.

ఒకరోజు రేడియోవాళ్ళు రైతుల కార్యక్రమం కోసం జీపులో వచ్చారట. పత్తి చేలో కలుపు తీస్తున్న మా పెద్దమ్మ ముందు మైకు పెట్టి, "మా కార్యక్రమం ఎట్లుందమ్మా?" అని అడిగారట.

"యాడ వింటామప్పా?" అనిందట పెద్దమ్మ. "గొట్టం మా పాలేనికి వీపు పెట్టింది. మమ్మల్ని అరుగెక్కనియ్యరు. మీరన్నా చెప్పి తిప్పియ్యండి."

మైకు పట్టుకున్నాయన నవ్వి, వచ్చే శుక్రవారం సాయంత్రం వస్తుంది వినమని చెప్పి పోయాడు. గురువారం నేను ఊరికి వచ్చేసరికి పాలెమంతా అదే మాట.

"ఆ ముక్క కోసేస్తారు పెద్దమ్మా" అన్నాను. "సర్కారు రేడియోలో సర్కారు గొట్టం మీద చాడీ చెప్పనిస్తారా?"

"కోసినారో లేదో నేను పోయి వినల్ల గదా."

"మా స్నేహితుడికి ట్రాన్సిస్టరుంది. తెస్తాను, ఇంట్లోనే విందాం."

"ఇంట్లో వినేదానికి నా గొంతు నాకు తెలీదా? ఆడనే వినల్ల. నా గొంతు అరుగెక్కుతాంది. నేనెందుకు ఎక్కగూడదు?"

నంద్యాల సభల్లో అంత సూటి ప్రశ్న నేను వినలేదు.

శుక్రవారం సాయంత్రం పెద్దమ్మ, చర్చికి కట్టే చీర కట్టుకుని బయలుదేరింది. వెనక నేను, నా వెనక పాలెం ఆడవాళ్ళు. వాళ్ళు రోడ్డు మీద ఆగిపోయారు. పెద్దమ్మ ఆగలేదు. మెట్లెక్కి గొట్టం కింద కూర్చుంది, ఇంట్లో చాప మీద కూర్చున్నట్టు. నేను పక్కన కూర్చున్నాను.

పంచాయతీ గుమాస్తా లేచాడు. "ఏందమ్మే ఇది? దిగు, దిగు."

"ఉండప్పా, నువ్వు మాట్లాడితే నాకు వినపడదు."

గోడకు ఆనుకున్న ముసలి ఆసామి చుట్ట నోట్లోంచి తీశాడు. "అంత ఆత్రంగా వినేదానికి రేడియోలో ఏముందే?"

"నేనుండా."

అరుగంతా పగలబడి నవ్వింది. "ఎండకు మెదడు కరిగిందిరా దీనికి!" అన్నాడొకడు. అప్పటికే కార్యక్రమం మొదలైంది. ఎరువుల సంగతి అయింది. తర్వాత గొట్టంలోంచి పెద్దమ్మ గొంతు!

నవ్వులు ఆగిపోయాయి. కోశారా? కోస్తారా?

"గొట్టం మా పాలేనికి వీపు పెట్టింది."

కొయ్యలేదు! అక్షరం పోకుండా, ఆ గొట్టమే ఆ మాట చెప్పింది! నేను ఎగిరి గంతేశాను. రోడ్డు మీద ఆడవాళ్ళు కేకలు పెట్టారు. "మమ్మల్ని అరుగెక్కనియ్యరు" అని గొట్టం అంటుంటే అందరి చూపులూ అరుగు మీద కూర్చున్న మనిషి మీదే.

"జిల్లా అంతా మన పరువు తీస్తాండావు గదే!" అన్నాడు ఆసామి.

"జిల్లా సంగతి నాకు తెలీదప్పా. గొట్టం మీ తట్టే గదా ఉండేది, మీకే చెప్తాండా."

ఆసామిని ఎప్పుడూ 'సామీ' అనే మనిషి 'అప్పా' అనింది. గుమాస్తా రేడియో కట్టెయ్యడానికి చెయ్యి చాచాడు. ఆసామి కసిరాడు. "ఉండ్రా! వాన సంగతి చెప్పనీ. రేపు నేను శనక్కాయ పెరకల్ల."

వాన కబురు కావాలంటే రేడియో మోగాలి. రేడియో మోగినంతసేపూ పెద్దమ్మ లేవదు. అట్లా చిక్కుకున్నారు అరుగు మీది పెద్దలు! రోడ్డు మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మెట్ల మీద సర్దుకున్నారు. వార్తలు కూడా అయ్యాకే లేచారు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం వచ్చారు. తిట్లు పడ్డాయి, ఇక కూలికి పిలిచేది లేదని బెదిరింపులు వచ్చాయి. వాళ్ళు రావడం మానలేదు. గొట్టాన్ని ఎవరూ తిప్పలేదు. మావాళ్ళే దాని మొహం వైపుకు వచ్చారు.

అది అప్పటి మాట, ఇవి ఎనభైలు. ఇప్పుడు పంచాయతీలకు టీవీలు వస్తున్నాయి. నేను తిరిగిన ఊళ్ళలో అవి పెద్దల హాల్లో పూలగుడ్డ కప్పుకుని ఉన్నాయి. ఆ మంత్రిత్వశాఖ బొమ్మను ఆకాశంలో పంపగలదు. మీ ఊరి తలుపు తియ్యడానికి అది రాదు. ఈ సాయంత్రమే పోండి. ఆడవాళ్ళను, పిల్లలను వెంటబెట్టుకుని పోండి. ఆ టీవీని అందరూ చూసేచోటికి తెప్పించండి. తేకపోతే ఆ హాల్లోకే నడిచి, ముందు వరసలో కూర్చోండి.