డాక్టరుగారి బోర్డు వెనకున్న గడ్డిపొలం

మన తెలుగు సంఘం పత్రికలో ప్రయాణం అంటే నయాగరా, డిస్నీ వరల్డ్, లేదా పిట్స్‌బర్గ్ గుడి. ఆ మూడింటి గురించి ఇప్పటికే ఇంటికొకరు రాశారు. జలపాతం ఎంత ఎత్తో మనలో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. నేను రాయబోయేది మన ఊరు పిస్కాటవేకి గంట లోపు దూరంలో, హంటర్‌డన్ కౌంటీలో ఉన్న ఒక గడ్డిపొలం గురించి. అక్కడ జలపాతం లేదు, మిక్కీ మౌస్ లేదు, పులిహోర ప్రసాదం లేదు. పోయిన అక్టోబరులో కోపంగా వెళ్ళాను, కోపంగా తిరిగి వచ్చాను, మళ్ళీ ఈ జూన్‌లో వెళ్ళి చూసి వచ్చాక కూడా ఆ కోపం పూర్తిగా పోలేదు. అయినా మీరు వెళ్ళి చూడాలనే ఇది రాస్తున్నాను. మనవాళ్ళ పేర్లు రాయొద్దని సంపాదకుడు బతిమాలాడు కాబట్టి ఇందులో ఒకాయన్ని డాక్టరు అని మాత్రమే అంటాను. ఆయనెవరో మీకందరికీ తెలుసు.

బయల్దేరడానికి కారణం ఎలినార్ ఫోన్. ఎలినార్ రిటైరైన స్కూలు టీచరు. ఆ కౌంటీలో పొలాలను కాపాడే ఒక చిన్న ల్యాండ్ ట్రస్ట్‌కి కార్యదర్శి. ట్రస్ట్ అంటే పెద్ద ఆఫీసు ఊహించుకోకండి. హార్డ్‌వేర్ దుకాణం పైన ఒక గది, జీతం లేని అరడజను మంది. నేను ఉద్యోగమంతా మట్టి పరీక్షల్లోనే గడిపినవాణ్ణి. రిటైరయ్యాక వాళ్ళకు నేలల గురించి సలహాలు చెబుతున్నాను. మన సంఘం హాలుకి స్థలం చూసినప్పుడు కూడా చెప్పాను: అది బంకమన్ను, అడుగున నీరు కదలదు, బేస్‌మెంట్ తవ్వకండి అని. "మట్టి మాస్టారు మొదలెట్టారండీ" అని కమిటీలో నవ్వు మొదలుపెట్టింది ఈ డాక్టరే. ఇవాళ్టికీ మంచు కరిగే రోజుల్లో ఆ బేస్‌మెంట్‌లో పిల్లల డాన్సు క్లాసు జరగదు, నీళ్ళు తోడే పంపు నడుస్తుంది. తప్పయిందని ఒక్కడూ అనలేదు.

"మీవాళ్ళెవరో ఇక్కడ పొలం కొన్నారు. ఆ పొలంలో ఏదో చేశారు. అది ఏమిటో నాకు అర్థం కావడం లేదు. సరిహద్దు నడకకి మీరు కూడా రండి" అంది ఎలినార్.

సరిహద్దు నడక అంటే ఏమిటో చెప్పాలి. ఈ పొలాన్ని ఇదివరకు సాగు చేసిన ముసలి రైతు 1970ల చివర్లో ఒక పని చేశాడు. ఆ నేలమీద ఇళ్ళు కట్టే హక్కును మాత్రం విడదీసి ట్రస్ట్‌కి రాసిచ్చాడు. ట్రస్ట్ ఆ హక్కును తాను వాడదు, ఇంకెవర్నీ వాడనివ్వదు. మిగతావన్నీ యజమానివే. పండించుకోవచ్చు, కౌలుకివ్వచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు రాయచ్చు. ఎవరు కొన్నా, ఎన్ని చేతులు మారినా ఇళ్ళు కట్టకూడదన్న షరతు ఆ భూమితోనే ఉంటుంది. అది సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి ట్రస్ట్ వాళ్ళు ఏడాదికోసారి, ఆకులు రంగు మారే రోజుల్లో, యజమానిని వెంటబెట్టుకుని పొలం చుట్టూ నడుస్తారు. చూడాలనుకున్నవాళ్ళు ఎవరైనా వెంట నడవచ్చు. టికెట్టు లేదు.

శనివారం ఉదయం ఏడింటికి ఇంట్లో బయల్దేరాను. 287 హైవే మీద ఉత్తరంగా వెళ్ళి, 78 పట్టుకుని పడమరగా పోతే క్లింటన్. టోల్ గేట్లు లేవు, అయిదారు డాలర్ల గ్యాసుతో వెళ్ళి రావచ్చు. 287 పక్కన కొత్త ఆఫీసులు, వాటి వెనక కొత్త టౌన్‌హౌసులు, వాటి ముందు ఆ చోట నరికేసిన చెట్ల పేర్లతో బోర్డులు. 78 మీద కొంత దూరం పోయాక అవి ఆగిపోయి కొండలు, మొక్కజొన్న చేలు మొదలవుతాయి. క్లింటన్‌లో ఎగ్జిట్ తీసుకుని వంతెన దగ్గర డైనర్‌లో ఆగాను. గుడ్లు, టోస్టు, కాఫీ కలిపి మూడు డాలర్లకు లోపే. కాఫీ పోస్తున్న లోరెయిన్ అనే ఆవిడ నా బురద బూట్లు చూసి, "ఎలినార్ మనిషివా?" అని అడిగింది. అవునన్నాను.

"ఆ పొలం కౌలుకి చేసే డోరిస్‌కి చెప్పు, అందరం ఆమె గురించే అనుకుంటున్నాం అని. ఆ గడ్డి పోతే పాపం ఆవుల్ని అమ్ముకోవాల్సిందే. ఎవడో డాక్టరంట, పద్దెనిమిది మేడలు కడతాడంట."

"పదే" అన్నాను. తర్వాత నాకే సిగ్గేసింది, ఎందుకు సవరించానా అని. ఎందుకంటే ఆ పది ప్లాట్ల సంగతి అప్పటికే మన దీపావళి ఫంక్షన్ రిహార్సల్‌లో విన్నాను. అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు ఇది చదువుతున్నవారిలోనూ ఉన్నారు.

క్లింటన్ నుంచి 31 మీద కొద్ది దూరం పోయి, ఎర్ర ధాన్యపు కొట్టం దగ్గర ఎడమకు తిరిగితే ఆ పొలం. తొమ్మిదికి చేరాను. ఎలినార్ ఫ్లాస్కుతో నిలబడి ఉంది. పక్కన డోరిస్. యాభై దాటిన మనిషి, రోడ్డుకి అటుపక్క ఆమె పాడి. ముసలి రైతు కాలం నుంచీ ఈ పొలాన్ని కౌలుకి తీసుకుని ఆల్ఫాల్ఫా గడ్డి పెంచి కోసుకుంటోంది. చలికాలమంతా ఆమె ఆవులు తినేది ఆ గడ్డే.

"ఇది చూడు" అని డోరిస్ నన్ను గడ్డిలోకి తీసుకెళ్ళింది. మోకాలెత్తు ఆల్ఫాల్ఫా తొక్కిపడేసి ఉంది. వరసగా కొయ్యమేకులు, వాటికి ఎర్ర రిబ్బన్లు. ఈశాన్యం మూల చిన్న గుంట, దాని చుట్టూ పసుపు, కొబ్బరిచిప్పలు, కుంకుమ అద్ది పగలగొట్టిన పెద్ద నారింజరంగు గుమ్మడికాయ. సగం జింకలు తినేశాయి.

"హాలోవీన్‌కి ఇంకా టైముంది కదా, ఊళ్ళో పిల్లలు ముందే మొదలెట్టారనుకున్నా" అంది డోరిస్.

నాకు ఒళ్ళు మండిపోయింది. బూడిద గుమ్మడికాయ దొరక్క హాలోవీన్ గుమ్మడికాయతో భూమిపూజ చేశారు. పూజకు వచ్చిన నలభై మందీ ఒక మనిషి ఏడాది మేతను చెప్పులతో తొక్కి, ఫొటోలు దిగి వెళ్ళారు. భూమిని తొక్కుతున్నందుకు క్షమించమని పొద్దున్నే నేలకు దండం పెట్టడం చిన్నప్పుడు నేర్చుకున్న జాతి మనది.

డాక్టరు బెంజ్ కారులో వచ్చాడు. తెల్ల బూట్లు. నన్ను చూసి ముఖం చిట్లించాడు.

"మీరేంటి మాస్టారూ ఇక్కడ? మట్టి తవ్వుకోటానికొచ్చారా?"

"నడవడానికి వచ్చాను. మీరు కూడా నడవాలి."

చుట్టూ నడిచాం. వాగు ఒడ్డు, రాతి గోడ, పాత కంచె. మధ్యలో ఎలినార్ ఆగి మేకులు చూపించి, ఇవి తీసేయాలని నెమ్మదిగా చెప్పింది. డాక్టరు నావైపు తిరిగి తెలుగులో మొదలుపెట్టాడు.

"లాయర్ చెప్పాడు లెండి ఈ షరతు సంగతి. లాయర్లు అట్టాగే చెప్తారు. రాసిచ్చింది ఆ ముసలాయన, నేను కాదుగా. ఆయన ఫ్లోరిడా ఎల్లిపోయాడు. మన దగ్గర పొలాలు ప్లాట్లు కాలేదా? ఎవర్ని కలవాలో కలిస్తే మేనేజ్ అయిపోద్ది. ఈ మేడమ్‌కి ఏదన్నా డొనేషన్ ఇద్దాం, మీరే అడగండి."

అదీ మనవాళ్ళ చదువు. గుండెకు కోత పెట్టి కుట్టగల మనిషి, షరతు ఉన్నందుకే పొలం అంత చవకగా వస్తోందని ఒక్కసారి ఆగి ఆలోచించలేదు. చట్టమంటే బేరం మొదలయ్యే చోటు అనుకున్నాడు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎలినార్‌కి ఇంగ్లీషులో చెప్పేశాను. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"డొనేషన్ ఎవరిచ్చినా తీసుకుంటాం. రసీదు కూడా ఇస్తాం. మేకులు మాత్రం వారంలో తీసేయాలి. లేకపోతే కోర్టులో కలుద్దాం. ఇదివరకు ఒకసారి వెళ్ళాం, గెలిచాం" అంది ఎలినార్, ఫ్లాస్కు మూత తిప్పుకుంటూ.

డాక్టరు మేకుల వరసను ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఇంగ్లీషులో అడిగాడు. "సరే. ఇల్లు కట్టకూడదు. గడ్డి పెంచి తీరాలని ఎక్కడైనా ఉందా?"

ఎలినార్ అబద్ధం చెప్పే మనిషి కాదు. "లేదు" అంది.

"అయితే ఈ ఏడాదితో కౌలు క్యాన్సిల్. పిచ్చిమొక్కలు పెరగనివ్వండి. నా పొలం, నా ఇష్టం."

డోరిస్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుంది. రోడ్డుకి అటుపక్క తన పశువుల కొట్టం వైపు చూసి, "అయితే ఇప్పుడే అమ్మడం మేలు. చలికాలం మధ్యలో ఆవులకు ధర రాదు" అంది, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు.

అక్కడ నా నోరు ఆగలేదు. మట్టి మాస్టారు అని నవ్విన రోజు నుంచి దాచుకున్నదంతా తెలుగులో కక్కేశాను.

"మీకు కావలసింది ఇళ్ళు కాదు డాక్టరుగారూ, పేరు. గుళ్ళో మీ నాన్నగారి పేరు ఫ్యాను రెక్కల మీద రాయించారు. తిరిగితే కనపడదని, ఆగస్టు ఉక్కలో, పూజ అయ్యేదాకా ఆ ఫ్యాను వెయ్యనివ్వలేదు. ఒక పెద్దావిడ కళ్ళు తిరిగి పడిపోతే మీరే నాడి చూశారు. ఇక్కడా ఒక బోర్డు పాతించుకోండి, ఈ భూమిని కాపాడిన మహానుభావుల వంశం అని. ఇది గాలికి తిరగదు కూడా. ఆవిడ ఆవుల ఉసురెందుకు పోసుకుంటారు?"

తిడతాడనుకున్నాను. కొట్టినా ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు. ఆయన రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"రోడ్డు మీంచి కనపడుద్దా?" అన్నాడు.

"ఏంటి?"

"బోర్డండీ. కార్లో పోయేవాళ్ళకి కనపడుద్దా అంట."

నేను ఎగతాళికి అన్నాను. ఆయన కొలతలు అడుగుతున్నాడు. ఎలినార్ ఏమంటున్నారని అడిగితే, పళ్ళు నూరుకుంటూ అనువాదం చేశాను. ఆవిడ ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని దారిలో పెట్టిన మనిషి. నవ్వు రానివ్వలేదు.

"పొలాన్ని పొలంగా ఉంచే యజమానులకు మేం బోర్డు పెడతాం. గేటు దగ్గర, ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. కానీ ఒక పద్ధతి ఉంది. గడ్డి కోయని ఏడాది బోర్డు తీసేస్తాం."

డాక్టరు డోరిస్ వైపు మొదటిసారి తిన్నగా చూశాడు. "ఏడాదికి ఎన్నిసార్లు కోస్తారు మీరు?"

"వానలు బాగుంటే మూడు."

"కొయ్యండి" అన్నాడు, ఆవిడకు మందు చీటీ రాసిస్తున్నట్టు. తర్వాత నాతో మెల్లగా, "నాన్నగారి పేరు తెలుగులో కూడా ఉండాలండీ. పైన తెలుగు, కింద ఇంగ్లీష్" అన్నాడు.

క్లింటన్‌లో బోర్డులు రాసే పెయింటర్‌కి తెలుగు రాదు. ఆ చుట్టుపక్కల తెలుగు రాసే చెయ్యి నాదొక్కటే. ఆ సాయంత్రం హార్డ్‌వేర్ దుకాణం పైన గదిలో కూర్చుని, పెద్ద కాగితం మీద డాక్టరుగారి తండ్రి పేరు గుండ్రంగా రాసిచ్చాను. ఒత్తులు తప్పుగా రాయాలని బుద్ధి పుట్టింది. రాయలేదు. తప్పు తెలుగు రోడ్డు పక్కన నిలబడటం నేను చూడలేను.

కథ అక్కడితో అయిపోతే నేను కొంచెం శాంతించేవాణ్ణేమో. ఉగాది ఫంక్షన్‌లో మన కమిటీ డాక్టరుగారికి శాలువా కప్పింది, ప్రకృతి పరిరక్షకుడని. ఆయన మైకు ముందు పావుగంట భూమాత గురించి మాట్లాడాడు. పది ప్లాట్లకు అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. డోరిస్ పేరు రాలేదు, ఆ హక్కును వదులుకున్న ముసలి రైతు పేరు రాలేదు, ఎలినార్ పేరు రాలేదు. నేను బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని పంపు చప్పుడు విన్నాను.

ఈ జూన్‌లో మొదటి కోతకి వెళ్ళాను. గేటు దగ్గర బోర్డు మెరుస్తోంది. నేను రాసిన అక్షరాలే, చక్కగా ఉన్నాయి. డాక్టరు నెలకోసారి వచ్చి దాన్ని తుడిచి వెళతాడట. వచ్చేముందు, గడ్డి కోశారా లేదా అని డోరిస్‌కి ఫోన్ చేసి కనుక్కుంటాడట. ఆ బోర్డు వెనక పొలంలో డోరిస్ ట్రాక్టరు నడుపుతోంది. కోసిన గడ్డి వరసలు వరసలుగా ఎండుతోంది. ఆ వాసన నేను మాటల్లో పెట్టలేను. కొయ్యమేకులు పీకిన గుంటల్లో కూడా ఆల్ఫాల్ఫా మొలిచింది. నన్ను చూసి ట్రాక్టరు ఆపి, "మీ స్నేహితుడు బావున్నాడా?" అని అడిగింది. స్నేహితుడు కాదన్నాను. "ఎవరైతేనేం, గడ్డి బావుంది" అని మళ్ళీ ట్రాక్టరు నడుపుకుంటూ పోయింది. ఆ గేటు ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ మనిషిని నేను క్షమించలేదు, క్షమించను. కానీ ఆ పేరు చెరిగిపోకూడదని, ఆ బోర్డు పడిపోకూడదని కోరుకోవాల్సిన గతి నాకు పట్టింది. పోయిన చలికాలం మంచు తుఫాను వచ్చిన మర్నాడు, అది నిలబడే ఉందో లేదో చూసి చెప్పమని ఎలినార్‌కి నేనే ఫోన్ చేశాను.

వెళ్ళేవారికి ఒక్క మాట: జూన్ మొదటి పదిహేను రోజుల్లో, ఎండ కాసే ఉదయం వెళ్ళండి. కారు రోడ్డు పక్కనే ఆపి గట్టు మీద నిలబడి చూడండి. కోయని గడ్డిలో మాత్రం కాలు పెట్టకండి. అది ఒకరి చలికాలం.