వెనక సీటు బెల్టు

మా ఆయన సత్యదుర్గారావు గారికి భయమంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. అంతర్వేది తీర్థంలో ఆయన రథం తాడు పట్టుకుంటే పక్కవాళ్ళకి చోటు మిగలదు. అలాంటి మనిషి నేను మిక్సీ ఆపితే ఉలిక్కిపడతారు. మోత వస్తున్నంతసేపూ బాగానే ఉంటారు. ఆగితేనే భయం.

మావి రొయ్యల చెరువులు. రొయ్యకి గాలి అందాలని నీళ్ళు చిలికే చక్రాలు పెడతాం, ఏరేటర్లంటారు. ఆ చప్పుడులోనే తింటాం, పోట్లాడుకుంటాం, నిద్రపోతాం. ఒక తెల్లవారుజామున అందులో ఒక చక్రం ఆగింది. మా మరిది అయ్యప్ప చూడ్డానికి వెళ్ళాడు. చక్రం ఆగితే దానికి కరెంటు పోయిందనుకోవడం మా చెరువుల వాళ్ళందరికీ ఉన్న పాడు అలవాటు. వాడూ అలాగే అనుకుని, మెయిన్ స్విచ్చి దించకుండా నీళ్ళలోకి దిగాడు. కరెంటు పోలేదు. చక్రానికి నాచు చుట్టుకుంది, అంతే. ఆ రోజు మా ఆయన్ని లేపింది కేక కాదు, చప్పుడు తగ్గడం. పరుగెత్తి వెళ్ళేసరికి తమ్ముడు బోర్లా తేలుతున్నాడు.

అయ్యప్పకి కారు పిచ్చి. పంట బాగా వస్తే కారు కొని ముగ్గురం రామేశ్వరం వెళ్ళాలనేవాడు. "ముందు సీటు నీదే వదినా, వెనక సీటు మాత్రం మొత్తం నాది. కాళ్ళు చాపుకుని కూర్చుంటాను" అని బేరం కూడా ఆడాడు. తరవాత కారు కొన్నాం. వాడు లేడు.

అమలాపురంలో డాక్టరు గారు మా ఆయనకి బిళ్ళలు రాసి, "దూరం తీసుకెళ్ళమ్మా. దడ వస్తుంది, కాసేపటికి పోతుంది. వెనక్కి మాత్రం తిరక్కండి" అన్నారు. రెండుసార్లు బయల్దేరాం. రెండుసార్లూ చించినాడ వంతెన మీదికి వెళ్ళేసరికి ఆయన చేతులకి చెమటలు, గుండెల్లో దడ. కారు తిరిగొచ్చి మా గుమ్మం ముందే ఆగింది. పక్కింటి వీరాయమ్మ గారు ఊరుకుంటారా? "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందంట. వంతెన దాటలేనోళ్ళు రామేశ్వరం వెళ్తారంటండీ" అన్నారు. ఒళ్ళు మండింది. కానీ మూడోసారీ తిరిగొస్తే ఈ మనిషి ఇక ఎప్పటికీ గడప దాటరని నాకూ తెలుసు. అందుకే రొయ్య పట్టేసి, చెరువులు ఎండగట్టాక బయల్దేరదీశాను.

"ఎండిన చెరువులో ఆగిపోవడానికి ఇంకేం ఉందండీ?" అన్నాను.

"ఆయ్" అన్నారు. పెళ్ళిచూపులప్పుడు కూడా అంత బిక్కమొహం వెయ్యలేదు.

పొద్దున్నే మంచు ఇంకా గోదావరి మీదే ఉంది. సరిగ్గా వంతెన ఎక్కగానే కారు టింగ్ టింగ్ మంటూ మొదలుపెట్టింది. వెనక సీట్లో ఎవరైనా కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే మా కారు అలా మొత్తుకుంటుంది. వెనకున్న పూతరేకుల సంచి బరువుకేమోనని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆగలేదు. అమ్మినవాణ్ణి నాలుగు తిట్టాను. అదీ వినలేదు. మా ఆయన మాత్రం ఆ మోతే వింటూ వంతెన దాటేశారు. దాటినట్టు ఆయనకే తెలియలేదు. అవతల బండి పక్కకి తీసి, వెనక్కి వంగి ఖాళీ సీటుకి బెల్టు పెట్టారు. మోత ఆగింది.

ఆ తరవాత ప్రయాణం ఎంత బాగా సాగిందో చెప్పలేను. ఇంజన్ చప్పుడు ఉన్నంతసేపూ ఆయన కొత్త పెళ్ళికొడుకే. పాటలు పాడారు. జామకాయలు కొనిపెట్టారు. నేను గుంటూరు మిరపకాయ బజ్జీ కొరికి ఏడుస్తుంటే పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. టిఫిను దగ్గర మాత్రం ఇంజన్ ఆపలేదు. దిగకుండా స్టీరింగు మీదే ఇడ్లీ ప్లేటు పెట్టుకుని తిన్నారు.

ఒక్కటే చికాకు. ఎక్కడైనా కాసేపు ఆగి బయల్దేరితే మళ్ళీ టింగ్ టింగ్. చూస్తే వెనక బెల్టు ఊడి ఉండేది.

"మీరు తీసేరా?"

"నువ్వనుకున్నానే."

ఒంగోలు దాటాక నీళ్ళ సీసా కోసం వెనక్కి చెయ్యి పెట్టాను. సీటు తడిగా తగిలింది. ఏసీ నీళ్ళు కారాయేమో అనుకుని వేళ్ళు వాసన చూశాను. చెరువు బురద వాసన. చెబితే ఆయన అక్కడికక్కడే బండి తిప్పేస్తారు. పమిట చెంగుతో తుడిచేసి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మా ఇంట్లో వింతే.

నెల్లూరు దాటాక మిట్టమధ్యాహ్నం రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఏరేటర్ల చప్పుడు వినబడకుండా అద్దం ఎత్తాను. ఆయన దించారు. కాస్త దూరం పోయాక ఉన్నట్టుండి, "ఒకటి ఆగింది" అన్నారు. అన్ని చక్రాల్లో ఒకటి ఆగితే నాకేం తెలుస్తుంది? వెనక నుంచి టింగ్ టింగ్ మొదలైంది. ఆయన బ్రేకు వేసి, తన చేత్తో తనే ఇంజన్ ఆపేశారు. ఇక అయిపోయింది, ఇంటికే అనుకున్నాను.

ఆయన తలుపు తీసుకుని గట్టు మీదుగా పరుగెత్తారు. నేనూ చెప్పులు వదిలేసి వెంటపడ్డాను. గళ్ళ లుంగీ మనిషొకడు చెరువు అంచున ఒక కాలు ఎత్తి అలాగే నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఆగిపోయిన చక్రం.

"దిగకు!" అని ఆయన అరిచిన అరుపుకి కొంగలు లేచిపోయాయి. ఆగకుండా షెడ్డులోకి దూరి మెయిన్ దించేశారు. చక్రాలన్నీ ఒకదాని వెనక ఒకటి నెమ్మదించి ఆగిపోయాయి. గట్టంతా నిశ్శబ్దం. ఆయన చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. అయినా పడిపోలేదు. నిలబడ్డారు.

"చక్రం ఆగితే దానికి కరెంటు పోయిందనుకోకు తమ్ముడూ. ముందు మెయిన్ దించి, తరవాత దిగు" అన్నారు.

ఆ మనిషి తలూపి, మా వెనక్కి తొంగి చూశాడు. "ఇంకో అన్న ఏడ?"

"ఇంకో అన్నెవరు?"

"నువ్వు రెండోసారి అరిచినావన్నా. ముందర ఆయనే గట్టు మీద నిలబడి 'దిగకండి బాబూ, కరెంటుంది' అన్నాడు. అందుకే కాలు ఎత్తి పట్టుకున్నా. నిలువునా తడిసి ఉన్నాడు పాపం. మీ కారు వెనక తలుపు తీసుకుని దిగినాడు గదా."

ఇద్దరం రోడ్డు వైపు తిరిగాం. కారు వెనక తలుపు బార్లా తీసి ఉంది.

తిరిగొచ్చేసరికి సీటు పొడిగా ఉంది. బెల్టు ఊడి వేలాడుతోంది. ఆయన ఇంజన్ వేశారు. నేను వెనక్కి తిరిగి చూశాను. టింగుమనలేదు. ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని, తమ్ముడు పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చారు.

"వాడు దిగిపోయేడు వాణీ."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. రామేశ్వరం రామేశ్వరం అని ప్రాణం తీసినవాడు సగం దారిలో దిగిపోతాడా? ఒక్కసారైనా వదినా అని పిలవకుండా?

కారు తిప్పుదామా అని నేను అడగలేదు. ఆయనా అనలేదు. ముక్కు తుడుచుకుని గేరు వేశారు. రామేశ్వరంలో ఆయన సముద్రం ఒడ్డున కారు ఆపేసి, ఆ నిశ్శబ్దంలోనే ముందు సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయారు. భయం ఇప్పటికీ వస్తుంది, పోతుంది. మిక్సీ ఆపితే నా వైపు చూసి నవ్వుతారు.

తిరుగు ప్రయాణంలో చించినాడ వంతెన ఎక్కుతుంటే, "కొంచెం మెల్లిగా పోనివ్వండి" అన్నాను. ఆయన వేగం తగ్గించారు. ప్రసాదాలు నింపిన పూతరేకుల సంచి పొద్దుటి నుంచీ నా ఒళ్ళోనే ఉంది. వెనక సీటు మొత్తం ఖాళీగా, బెల్టు పెట్టకుండా ఉంచాను. వంతెన దాటేదాకా ఇద్దరం చెవులు రిక్కించుకునే ఉన్నాం. కారు ఏమీ అనలేదు.