మాటకో మనిషి

మొన్న జగిత్యాలలో నా క్లాసుకు ఒక అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. బెంచీలో కూర్చోగానే తడిపిన తునికాకు వాసన గుప్పుమంది. తల్లితో కలిసి బీడీలకు ఆకు కత్తిరించి వచ్చిందని అడక్కుండానే తెలిసిపోయింది. ఆ వాసన నా చేతులకూ చాలా ఏళ్ళు ఉండేది, ఏ సబ్బుకూ లొంగేది కాదు. ఆ రోజు చెప్పాల్సింది ఇంగ్లీషు కఠిన పదాలు. బోర్డు మీద మొదటి మాట రాయబోతుండగా తాహెరా మేడం గుర్తొచ్చి నా చేతిలో చాక్‌పీసు కాసేపు ఆగిపోయింది.

మాది కోరుట్ల. తాహెరా మేడం ఇల్లు మా వాడలో చివరిది. జగిత్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా, నల్ల బురఖాలో పాత స్కూటీ మీద వెళుతుంటే మేం పిల్లలం ఆట ఆపి మరీ చూసేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. మూడింట్లోనూ ఒకే తీరున కసిరేవారు. నేను ఇంటరు పూర్తి చేసిన ఏడు తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. ఇవాళ బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి సంగతి ఎవరికీ తెలియదు. కాలేజీలు మూతపడ్డాయి. ఊరికే కూర్చోవడం మేడానికి చేతకాదు కాబోలు, వాడలో ఏడుగురు ఆడపిల్లలను పోగేసి తన వరండాలో చాప పరిచారు. "బందు రోడ్డుకు, నోటికి కాదు. కూసోండ్రి" అన్నారు.

ఆ చాప మీద అందరికంటే ఎక్కువ అవసరం నాదే. నాన్న దుబాయిలో చిక్కుకుపోయాడు; పని లేదు, తిరిగొచ్చే దారీ లేదు. ఇల్లంతా అమ్మ చుట్టే బీడీల మీద నడుస్తోంది. ఆడపిల్లలకు హాస్టలుతో సహా ఉచితంగా డిగ్రీ చెప్పే కాలేజీ ఒకటి హైదరాబాదులో ఉందని, మా వైపు నుంచి ఒక్కరినే తీసుకుంటారని, ఇంటర్వ్యూ సిరిసిల్లలో అని మేడమే కనుక్కొచ్చారు. ఇంటర్వ్యూ అంతా ఇంగ్లీషులోనే. సీటు వస్తే చదువు, రాకపోతే ఒళ్ళో బీడీల చాట. అమ్మ ఆ సంగతి దాచలేదు. "వస్తె పో బిడ్డా. రాకుంటె ఏడ్వకు, నా పక్కన కూసో" అంది.

మేడం పద్ధతి విచిత్రంగా ఉండేది. రోజుకు అయిదు కఠినమైన మాటలు ఇచ్చేవారు. అర్థం నోటితో చెప్పేవారే కానీ రాసుకోనిచ్చేవారు కాదు. ప్రతి మాటకూ ఊళ్ళో ఒక ఓనరును వెతికి, ఆ మనిషే ఎందుకో రాసుకుని రావాలి. "డిక్షనరీల మాట సచ్చి పడుంటది బేటా. మనిషి మీద కూసుంటె లేసి నడుస్తది" అనేవారు. గారులస్ అంటే ఆగకుండా వాగే మనిషి; ఏడుగురం కూడబలుక్కోకుండానే పిండి గిర్ని శంకరమ్మ పేరు రాసుకొచ్చాం. మెటిక్యులస్ అంటే చిన్నదాన్ని కూడా వదలకుండా శ్రద్ధగా చేసే మనిషి, నాకది అమ్మ. తునికాకు మీద అచ్చు రేకు పెట్టి కత్తిరిస్తే ప్రతి ఆకూ ఒకే కొలత. రెండు నెలలు తిరిగేసరికి కోరుట్లలో ఓనరు కాని మనిషి మిగల్లేదు. కొందరికైతే నాలుగైదు మాటలు అంటగట్టి, వాళ్ళు ఎదురుపడినప్పుడు కిసుక్కున నవ్వేవాళ్ళం.

అక్కడే కొంప మునిగింది. ఒకరోజు హాటీ అనే మాట వచ్చింది. ఎదుటి మనిషిని తక్కువగా చూసే పొగరు అన్నమాట. నేను క్షణం కూడా ఆలోచించలేదు. 'భూమయ్య టేకేదారు. అమ్మ మొహం చూడకుండానే బీడీ కట్టలు పక్కకు విసిరేస్తాడు, అందుకే పొగరుబోతు' అని తెలుగులో శుభ్రంగా రాశాను. బీడీల కార్ఖానాలో ఆకు ఇచ్చేదీ, చుట్టిన బీడీలు తీసుకునేదీ ఆ భూమయ్యే. మర్నాడు వాన. బీడీలకు చెమ్మ పట్టకుండా చాట అడుగున పరుద్దామని అమ్మ నా నోట్‌బుక్కులోంచి ఒక పేజీ చింపింది. అమ్మకు చదువు రాదు. తెల్ల కాగితం చింపితే నాకు పనికొచ్చేది పోతుందని, పాపం, వెతికి వెతికి రాసి ఉన్నదే చింపింది. కార్ఖానాలో భూమయ్య కట్టలు తీసి, కింది కాగితం చూసి, కళ్ళజోడు పెట్టుకుని అందరికీ వినిపించేలా చదివాడు. "ఇంగ్లీషుల తిట్లు నేర్పిస్తున్నవా రాజవ్వా నీ బిడ్డకు? రేపటి సంది నీకు ఆకు లేదు, పో" అన్నాడు.

అమ్మ ఖాళీ చాటతో ఇంటికొచ్చింది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను ఏడ్చుకుంటూ మేడం దగ్గరికి పరుగెత్తాను.

"ఆయనది నిజంగనే పొగరు మేడం. అబద్ధం రాయలే నేను."

"ఉండొచ్చు. మరి నువ్వు? నువ్వెప్పుడు హాటీ కాలేదా?"

"నేనా?"

"మంచిగ యాది చేస్కో."

గుర్తు చేసుకోవాల్సిన పనే లేదు, అది ఎప్పుడూ మరిచిపోలేదు. ఇంటరు మొదటి ఏడాదిలో అన్నం డబ్బా ఇవ్వడానికి అమ్మ కాలేజీ గేటు దగ్గరికి వచ్చింది, చేతుల నిండా పొగాకు మరకలతో. ఎవరే అని స్నేహితురాళ్ళు అడిగితే మా పక్కింటామె అన్నాను. మేడానికి ఇది చెప్పడానికి చాలాసేపు పట్టింది. విన్నాక ఆమె కోప్పడలేదు. "తప్పు నాది. పద్ధతి సగమే చెప్పిన. చెడ్డ మాటకు ముందు నీ పేరు రాయాలె. తర్వాతనే పక్కోనిది" అన్నారు.

మర్నాడు మేడం, అమ్మ, నేను కార్ఖానాకు వెళ్ళాం. ఇరవై మంది ఆడవాళ్ళ ముందు నిలబడి కొత్తగా రాసిన కాగితం చదివాను. హాటీ, దానికి ఓనరు లావణ్య అంటే నేనే, కాలేజీ గేటు, పక్కింటామె. అమ్మ పక్కనే ఉందని తెలిసి కూడా చివరిదాకా చదివాను. భూమయ్య కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"గా మాటకు నేను గూడ ఓనర్నే తియ్" అన్నాడు. తర్వాత అమ్మ మొహంలోకి చూసి, "ఆకు తీస్కపో రాజవ్వా" అన్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో అమ్మ మెల్లగా అంది: "గేటు కాడ నువ్వన్నది నేను ఇన్న బిడ్డా. గందుకే మళ్ళ రాలే." నడిరోడ్డు మీద ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. సిగ్గు వేయలేదు.

ఇంటర్వ్యూ రోజునే బందు పడింది. బస్సులు లేవు. మేడం స్కూటీ బయటికి తీశారు. చందుర్తిలో రోడ్డు మీద వంటావార్పు. నడి తారు మీద రాళ్ళ పొయ్యిలు, గుండిగలు, జనం. కుర్రాళ్ళు అడ్డం వచ్చారు.

"ఎటు పోతున్రు మేడం? బంద్ అని ఎర్క లేదా?"

"ఎర్కనే. రేపు తెలంగాణ వస్తది. గప్పుడు ఆఫీసుల కూసునెటందుకు చదువుకున్న పిల్ల ఒకతి వద్దా?"

వాళ్ళు నవ్వేశారు. అన్నం వడ్డిస్తున్న పెద్దామె మాత్రం, తినకుంటె పోనియ్య అని మొండికేసింది. ఇద్దరం నిలబడే పప్పన్నం తిన్నాం. జై తెలంగాణ అని మేడం అరిచిన అరుపుకు పక్కనున్న కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. సిరిసిల్ల ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా టైరు పంక్చరైంది. బందు రోజు దుకాణం ఎవరు తీస్తారు? ఇద్దరం స్కూటీని నెట్టుకుంటూ, మరమగ్గాల చప్పుడు లేని ఆ ఊళ్ళోకి చెమటలు కక్కుతూ చేరాం.

గదిలో ముగ్గురు ఉన్నారు. తెల్ల చొక్కా పెద్దాయన మెటిక్యులస్ అని అడిగితే అమ్మ కత్తెర గురించి చెప్పాను. గారులస్ అంటే శంకరమ్మ గిర్ని గురించి చెప్పాను. ఆయన పెన్ను బల్ల మీద పెట్టి, మనుషుల కథలు కాదు, అర్థాలు చెప్పమన్నాడు. రెండు నెలల్లో ఒక్క అర్థమైనా నేను బట్టీ పట్టలేదు. ఆయన చివరి మాట అడిగాడు: టెనేషియస్. పట్టిన పట్టు వదలని మనిషి. మేడం ఆ మాట ఇచ్చినప్పుడు నాకు ఓనరు దొరకలేదు, ఆ గీత ఖాళీగానే ఉంది. ఏం తోచిందో ఏమో, "దాని అర్థం మీ గేటు బయట నిలబడి ఉంది సార్" అన్నాను ఇంగ్లీషులో. ఇక ఆగలేదు. బందు, చందుర్తి, పప్పన్నం, పంక్చరు, మూడు కిలోమీటర్లు, అన్నీ చెప్పాను. తప్పులు దొర్లాయేమో తెలియదు, భయం మాత్రం లేదు. బల్లకు ఆ చివర కూర్చున్నావిడ లేచి కిటికీలోంచి చూసింది. పెద్దాయన కూడా లేచాడు.

బయటికి వస్తే మేడం మెట్టు మీద కూర్చుని ఉన్నారు, చేతుల నిండా మట్టి. ఎవరి పేర్లు చెప్పినవ్ అని అడిగారు. టెనేషియస్‌కు మీ పేరు చెప్పానన్నాను, మెచ్చుకుంటారనే ఆశతో.

"పిచ్చిదానా! నేను బండి నడిపిన, గంతే. గా రూంలకు పొయ్యి నిలబడ్డది ఎవరు?"

నేను వెళ్ళి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"చెడ్డ మాటకు ముందు నీ పేరు రాయమన్న. మంచి మాటకు రాయొద్దని ఎవరు చెప్పిన్రు?"

తన దగ్గరున్న నా నోట్‌బుక్కు తీసి నా ఒళ్ళో పడేశారు. మొదటి పేజీ నుంచి తిరగేశాను. అన్ని మంచి మాటల్లో ఒక్కదాని పక్కన కూడా నా పేరు లేదు. రాసుకోవచ్చని తోచనే లేదు. ఆ మెట్టు మీదే, ఖాళీగా ఉన్న ఆ గీత మీద, లావణ్య అని రాశాను. మధ్యాహ్నం గోడకు ఒక కాగితం అంటించారు. దాని మీద ఒకే పేరు. మేడం దాన్ని మూడుసార్లు పైకి చదివారు, మూడోసారి వీధికంతా వినపడేట్టు.

మేడం పోయి నాలుగేళ్ళయింది. నేనూ ఇప్పుడు పిల్లలకు రోజుకు అయిదు మాటలు ఇచ్చి ఓనర్లను వెతికి రమ్మంటాను. చెడ్డ మాటకు ముందు తమ పేరు రాయడం పిల్లలు వారంలో నేర్చుకుంటారు, కావాలంటే పోటీలు పడి రాస్తారు. మంచి మాట దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. ఆడపిల్లలకు మరీను, అమ్మ పేరు రాస్తారు, అక్క పేరు రాస్తారు, ఒక్కోసారి నా పేరూ రాస్తారు. నేనప్పుడు తొందరపెట్టను. బెంచీ పక్కన నిలబడతాను. బెల్లు కొట్టినా సరే, ఆ పిల్ల తన పేరు రాసేదాకా అక్కణ్ణుంచి కదలను.