గీతలు తిరిగొచ్చిన చేతులు

పెదనాన్న పోయాడన్న కబురు నాకు స్కూల్లో ఉండగా వచ్చింది. ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతున్నాను. ప్యూను వచ్చి ఆఫీసులో ఫోనుందన్నాడు. అవతల మా అమ్మ. "బేగి రా. మీ పెదనాన్న లెగడం నేదు" అంది. చనిపోయాడన్న మాట ఆవిడ నోటికి రాలేదు. నిజానికి ఆయన మనసు లేవడం మానేసి ఏడాది దాటింది. ఆ పొద్దున ఊపిరి కూడా మానేశాడు, అంతే.

మీలో ఎవరికీ ఆయన తెలియడు. భిలాయిలో ఫర్నేసుల లోపల ఇటుక పేర్చేవాళ్లు ఎవరికి తెలుస్తారు కనక? మా నాన్నా ఆయనా విజయనగరం నుంచి ఒకే రైల్లో వచ్చారు. నాన్నకి ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం, సెక్టర్ 6లో క్వార్టరు దొరికాయి. పెదనాన్నకి ఒక కాంట్రాక్టరు దగ్గర పని, మా క్వార్టరు వెనక రేకుల గది దొరికాయి. చల్లారిన ఫర్నేసులోకి దిగి, కాలిపోయిన ఇటుకలు పీకి కొత్తవి పేర్చడం ఆయన పని. ఆ ఇటుకా, దాన్ని అతికే మసాలా కలిసి చర్మాన్ని తినేస్తాయి. ఆయన వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. అరచేతులు మాత్రం గరుకు. ఎండాకాలం చెమటకాయలు లేస్తే మేం పిల్లలం వరసగా ఆయనకి వీపులు అప్పగించేవాళ్లం. గోకక్కర్లేదు, ఒక్కసారి నిమిరితే ప్రాణం లేచొచ్చేది. చర్చిలో పాటల పుస్తకం పేజీ తిప్పడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. పల్చటి కాగితం వేలికి తెలిసేది కాదు. మగవాళ్ల వరసలో పక్కనెవరుంటే వాళ్లు తిప్పేవాళ్లు.

మా భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చిన ఉత్సాహంలో ఊరంతా కంప్యూటరు మాటే వినబడేది. మా చర్చి సంఘంలోనే పుట్టి పెరిగిన ఒక ఇంజనీరు, ఇద్దరు స్నేహితులతో కలిసి వైశాలి నగర్‌లో జెరాక్సు షాపు పైగదిలో కంపెనీ పెట్టాడు. వేలిముద్రతో హాజరు వేసే మిషను తయారుచేశారు. వేలు పెడితే పచ్చ లైటు వెలిగి తెర మీద పేరు వస్తుంది. మావాళ్లు కుట్టుమిషను కొన్నా స్కూటరు కొన్నా దానిమీద చేతులుంచి ప్రార్థన చేయిస్తారు. ప్రారంభం రోజున పాస్టరు అయ్యగారు ఊళ్లో లేకపోవడంతో సంఘపెద్ద అని పెదనాన్నని పిలిచారు. ఆయన ఆ నల్లడబ్బా మీద రెండు చేతులూ పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఈ మిషను ఎవులికీ అన్నేయం సెయ్యకుండా సూడు."

అందరం ఆమెన్ అన్నాం. నేను కాస్త గట్టిగానే అన్నాను.

ఆ కంపెనీ మొదటి మిషను పెదనాన్న కాంట్రాక్టరు షెడ్డుకే వెళ్లింది. ఆయన ఎంత సంబరపడ్డాడో! అంతవరకూ హాజరు రాసే మున్షీ తనకి దండం పెట్టని వాడికి పూట కూలి కోసేసేవాడు. మిషనుకి చుట్టాలూ పక్కాలూ ఉండరని, దానికి ఎవరైనా ఒకటేనని పెదనాన్న మాకందరికీ చెప్పుకుని తిరిగాడు. ఒకరి బదులు ఒకరు హాజరు వేయించుకునే దొంగాట కూడా పోతుందన్నాడు.

ఆయన వేలు పెడితే ఎర్ర లైటు వెలిగింది. మళ్లీ పెట్టాడు. పదివేళ్లూ మార్చి మార్చి పెట్టాడు. మిషను ఒప్పుకోకపోతే మనిషి రానట్టే లెక్క అని షెడ్డులో రూలు. రోజంతా ఫర్నేసులో ఇటుక పేర్చి వచ్చినా, తెర మీద పెదనాన్న గైర్హాజరే. ఇంజనీరు స్వయంగా వచ్చి చూశాడు. వాడు చెడ్డవాడు కాడు. తుడిచాడు, వైర్లు మార్చాడు, తల గోక్కున్నాడు.

"నానిక్కడే ఉన్నాను గదేటి బాబూ. నువ్వు సూస్తన్నావు గదా" అన్నాడు పెదనాన్న.

"నాకు దిఖ్ రహా హై అంకుల్. మిషనుకి నహీ దిఖ్ రహా" అన్నాడు వాడు, తనకి కనబడుతున్నాడు గానీ మిషనుకి కనబడటం లేదని. ఇక్కడ పుట్టిన పిల్లలకి వచ్చిన తెలుగు అంతే. కానీ ఆ మాటలో అబద్ధం ఒక్క ముక్క లేదు.

అప్పుడు మా సెక్టర్ ఆడవాళ్లు రంగంలోకి దిగారు. గోరింటాకు పెడితే గీతలు ఎర్రగా తేలతాయి, ఎర్రగా తేలితే మిషనుకి కనిపించక ఎక్కడికి పోతాయి అని వాళ్ల ఆలోచన. సైన్సు చెప్పే నాకూ అది సబబుగానే తోచింది, చూడండి! పక్కింటి శ్రీకాకుళం అత్త పెరట్లోంచి ఆకు కోసుకొచ్చింది. పెద్దమ్మ మెత్తగా రుబ్బి పదివేళ్లకీ టోపీలు పెట్టింది. చేతులు చాచుకుని కూర్చున్న ఆయనకి మా అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టింది. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం. మర్నాడు షెడ్డులో "క్యా కాకా, షాదీ హై క్యా?" అని, పెళ్లికొడుకువా అన్నట్టు తోటి పనివాళ్లు ఏడిపించారట. ఆయనా నవ్వాడట. ఎర్రటి వేళ్లకి ఎర్ర లైటే వెలిగింది.

కొన్నాళ్లు ఇటుక ముట్టకుండా ఉంటే చర్మం పెరిగి గీతలు వస్తాయని ఇంజనీరు సలహా ఇచ్చాడు. నీ చోటు ఎక్కడికీ పోదు, వెళ్లి రా అన్నాడు సూపర్‌వైజరు. పెదనాన్న ఇంట్లో కూర్చున్నాడు. పెద్దమ్మ రోజూ వేళ్లకి కొబ్బరినూనె రాసేది. పొద్దున్నే ఎండలో నిలబడి వేళ్లు తిప్పి తిప్పి చూసుకునేవాడు. నన్ను పిలిచి స్కూలు భూతద్దంతో చూడమనేవాడు. నిజంగానే సన్నగా, పసిపిల్లల చేతికున్నట్టు గీతలు వచ్చాయి. మొలక వచ్చిన కుండీని చూపించినట్టు వాడకట్టంతటికీ చూపించాడు.

నా లూనా మీద నేనే తీసుకెళ్లాను. ముద్ర కొత్తగా ఎక్కించాక వేలు పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. తెర మీద ఆయన పేరు కనిపించింది. అక్కడున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజరు వచ్చి, పని ఆగదు కదా అని నందిని అనే ఊరి వైపు నుంచి వేరే మనిషిని పెట్టుకున్నామని చెప్పాడు. కొత్తవాడు పాతికేళ్లవాడు, వేళ్లు ఇంకా అరగలేదు. తిరుగుదారిలో పెదనాన్న బండి వెనకనుంచి అడిగాడు.

"పని సేత్తే గీతలుండవు. గీతలుంటే పని నేదు. ఏటమ్మా ఇది?"

నేను లూనాని మా సెక్టర్ వైపు తిప్పాను.

కంపెనీ బాగా నడుస్తోంది. రాయపూర్ నుంచి ఆర్డర్లు వస్తున్నాయని, పేపర్లో ఫోటో పడిందని విన్నాను. ఫెయిలయ్యేవాళ్లు చాలా కొద్దిమందే ఆంటీ, అని ఇంజనీరు ఒకసారి మా అమ్మకి ఓపిగ్గా వివరించాడు. ఆ కొద్దిమందిలో ఒకడు అప్పుడు మా వెనకగదిలో గోడకి చేరబడి కూర్చుని ఉన్నాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిసుంటే నాకు కొంత నయంగా ఉండేదేమో. అందరూ మంచివాళ్లే, ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. అదే నన్ను తినేస్తోంది.

ఆరాధన అయ్యాక అందరికీ చేతులు కలిపే మనిషి, పని పోయాక తువ్వాలు కింద చేతులు దాచుకుని బయటికి వచ్చేసేవాడు. అరచేతులు మెత్తబడ్డాయి. మొన్న వేసవిలో మా పాప వీపు నిమరమంటే నిమిరాడు. "తాతా, గట్టిగా" అంది అది. ఆయన చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. అంత దిగులు నేను ఎవరి మొహంలోనూ చూడలేదు.

భూస్థాపన రోజున వాన కాస్త తెరిపిచ్చింది. శ్మశానంలో నల్లమట్టి జారుతోంది. ఇంజనీరు ముందుగా వచ్చి శవపెట్టెకి భుజం పట్టాడు. గుంట దగ్గర కాలు జారి నేలమీద చెయ్యి ఆనించుకున్నాడు, వెంటనే లేచి పెట్టె ఒరగకుండా అదే చేత్తో మూత అదిమి పట్టాడు. తెల్లరంగు వేసిన మూత మీద వాడి ఐదువేళ్లూ బురదతో అచ్చుపడ్డాయి, ఒక్క గీతా చెరగకుండా. పెద్దమ్మ కొంగుతో తుడవబోయింది. మళ్లీ వానొచ్చేలా ఉంది, దించెయ్యండి అన్నారెవరో. అలాగే దించేశారు.