నీలం లంగాకు మూడో మడత

మొన్న ఒక తల్లి, కూతురిని వెంటబెట్టుకుని పెళ్లిజాకెట్టు కుట్టించడానికి మా దుకాణానికి వచ్చింది. ఇప్పుడు మిషను మీద కూర్చునేది మా కోడలే అయినా, కొలతలు తీసే పని మాత్రం నేను ఎవరికీ వదలను. పిల్ల భుజం మీద టేపు పెట్టి పదమూడున్నర అని చెబుతుంటే, ఆ పిల్ల నవ్వుతూ, "అవ్వా, లోపట జర ఎక్కువ బట్ట ఇడువు, నేనింక పెరుగుత" అన్నది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ముప్పై ఏళ్ల కిందట ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డుకు దగ్గరలోనే ఒక రేకుల గదిలో నేను ఈ దుకాణం పెట్టాను. అప్పట్లో బొంగులూరు దాకా అన్నీ చేలే, ఇప్పటిలా వెంచర్ల బోర్డులు లేవు. మా ఆయన పోయిన తర్వాత నాకూ నా పిల్లలకూ ఆ కుట్టుమిషనే అన్నం పెట్టింది. జూన్ వచ్చిందంటే తల ఎత్తే తీరిక ఉండేది కాదు, బడి బట్టలన్నీ నా దగ్గరికే వచ్చేవి. పెద్ద తరగతుల ఆడపిల్లల నీలం లంగాలకు అంచు పైన రెండు మడతలు వేసి కుట్టేదాన్ని. పిల్ల పొడుగైతే వచ్చే ఏడు ఒకటి, ఆపై ఏడు ఇంకొకటి విప్పితే సరిపోయేది. తల్లులకు అది సంబరం, పిల్లలకేమో విప్పిన చోట కొత్త నీలం గీతలా కనబడుతుందని సిగ్గు. మీలో చాలామంది అలాంటి లంగా కట్టుకుని బడికి పోయినవాళ్లే అయి ఉంటారు.

మా వెనకింట్లో ఒక మేస్త్రీ కుటుంబం ఉండేది. ఆయన పెద్దకూతురు బడి వదలగానే నా దగ్గరకే వచ్చేది. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. నేను సూదిలో దారం ఎక్కించడానికి అవస్థ పడుతుంటే లాక్కుని, ఒక్కసారికే ఎక్కించి ఇచ్చేది. చెల్లె బొమ్మకని చెప్పి బట్టముక్కలు ఏరుకునేది, ఆ బొమ్మ ఎవరిదో నాకు తెలుసు. తొమ్మిదో తరగతికి దాని లంగా కూడా నేనే కుట్టాను, రెండు మడతలు వేసి.

ఆ మడతల్లో ఒక్కటైనా విప్పకముందే, వేసవిలో తల్లి పెళ్లిజాకెట్టు బట్ట తెచ్చింది. యాచారం వైపు సంబంధం. "మేమిద్దరం పనికి పోతే పిల్ల ఒక్కతే ఉంటది అక్కా, పానమంతా ఈడనే ఉంటది, గీ ఫికర్ ఎన్ని దినాలు?" అన్నది. నేను మామూలుగా నోరున్నదాన్ని. మెడ లోతు గురించి, చేతుల పొడవు గురించి ఆడవాళ్లతో గంటసేపు తగువు పడేదాన్ని. ఆ రోజు మాత్రం ఒక్క మాట అనలేదు. నేనూ పదిహేనేళ్లకే కాపురానికి వచ్చాను కదా, నాకేమయింది అనుకున్నాను. మా పెద్దవాడికి ముందు పుట్టి, వారం కూడా బతకని బిడ్డ ఆ రోజు నాకు గుర్తు రాలేదు. పిల్ల ఇంకా పెరుగుతుందని జాకెట్టు లోపల రెండంగుళాల బట్ట మాత్రం వదిలాను. అంటే నాకు తెలుసన్నమాట.

శివరాత్రికి ముందు అది పుట్టింటికి వచ్చింది, ఏడో నెల. జాకెట్టు చేతులు బిగుసుకుపోతున్నాయని నా దగ్గరకు తెచ్చింది. చేతులు, మొహం నిండుగా కనబడితే పిల్లకు ఒళ్లు వచ్చిందని సంతోషపడ్డాను. నేను వదిలిన బట్ట పనికొచ్చిందని గర్వపడ్డాను కూడా, ఎంత మూర్ఖురాలినో చూడండి. అలవాటుగా సూదీ దారం దాని చేతికిచ్చాను. రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టేసింది. "కండ్లకు మసక కమ్ముతున్నది పెద్దమ్మా, తల ఒకటే నొస్తది" అన్నది. "తొలికాన్పు గట్లనే ఉంటది తియ్" అని నవ్వి, దారం నేనే ఎక్కించుకుని కుట్లు విప్పి, వదులుగా మళ్లీ కుట్టి ఇచ్చాను.

మూడో రోజు పొద్దున దానికి ఫిట్స్ వచ్చాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందన్నారు, ఎవరో నిమ్మకాయ తెచ్చారు. జీపు దొరికి హైదరాబాదు దవాఖానకు చేరేసరికి మధ్యాహ్నమైంది. బిడ్డ కడుపులోనే పోయింది, సాయంత్రానికి తల్లీ పోయింది. పదహారేళ్లు.

తర్వాత మా వాడకు వచ్చే నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. అది ఒళ్లు రావడం కాదట, వాపు. తలనొప్పి, కళ్ల మసక అన్నీ బీపీ పెరిగిన గుర్తులేనట. తొలికాన్పులో ఎవరికైనా రావచ్చు గానీ, తానే ఇంకా ఎదుగుతున్న పిల్లకు ఆ ముప్పు మరీ ఎక్కువట. ఆ రోజే దవాఖానకు తీసుకుపోయి ఉంటే బతికేదేమో అన్నది. ఆ 'ఏమో' నన్ను ఈ రోజుకీ వదల్లేదు. దాని బాధ అది నాకు చెప్పుకుంటే నేను నవ్వాను.

జూన్‌లో దాని తల్లి ఆ నీలం లంగానే మళ్లీ తెచ్చింది, చిన్నకూతురికి సరిచేయమని. రెండు మడతలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. "ఇప్పకు అక్కా, చిన్నది ఇంక అంత పొడుగు లేదు" అని మొహం పక్కకు తిప్పుకుంది. నేను విప్పలేదు సరికదా, మూడో మడత వేశాను. "ఈ మూడూ ఇప్పేదాంక పిల్లను బడి మాన్పియ్యకు చెల్లె" అన్నాను. అప్పుడు మేమిద్దరం ఏడ్చాం. మూడు మడతలూ నా చేతులతోనే ఏటా ఒకటి విప్పాను. ఆ చిన్నది ఇప్పుడు తుర్కయాంజాల్‌లో ఉంటుంది, ఇద్దరు పిల్లల తల్లి.

మొన్న వచ్చిన తల్లికి ఇదంతా చెప్పి, జాకెట్టు కుట్టనన్నాను. "గప్పటి కాలం వేరు అవ్వా, ఇప్పుడు ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తది" అని బట్ట తీసుకుని లేచింది. పిల్ల మాత్రం గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. మా కోడలు ఆ తల్లీకూతుళ్ల ఊరి అంగన్‌వాడీ టీచరుకు ఫోను చేసింది. ఆమె ఇంటికి వెళ్లి మాట్లాడతానన్నది. ఏమవుతుందో తెలియదు.

అంబులెన్సులు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, కాదనను. బడి బట్టలు కూడా మాలాంటి వాళ్ల చేతికి రావడం మానేశాయి. ఏటా జూన్‌లో ఏ పిల్ల ఎంత పెరిగిందో నా చేతికి తెలిసేది, ఇప్పుడు పెళ్లిబట్టలకు వస్తే తప్ప ఏ ఆడపిల్లా నా టేపు కిందికి రావడం లేదు. పదమూడున్నర అంగుళాల ఆ భుజం నాకు గుర్తుంది. వచ్చే జూన్‌లో ఆ పిల్ల బడి సంచీ తగిలించుకుని ఈ రోడ్డున పోతూ కనబడితే, పిలిచి, ఊరికే ఒకసారి టేపు పెట్టి చూసుకోవాలని ఉంది.