నోటి తీగ, చెవి తీగ

ఈ రోజు మా కాలేజీలో కొత్త కంప్యూటర్‌లోకి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, పక్క గదిలో తెర, కీబోర్డు మాత్రమే ఉండే టెర్మినల్‌కు కేబుల్ వేశాను. దాని తెర మీద ఒక్క అక్షరం కూడా రాలేదు. రేపే పిల్లల ప్రాక్టికల్ పరీక్ష. అన్నం కూడా తినకుండా రెండు గదుల మధ్య తిరుగుతూనే ఉన్నాను.

డోర్నకల్‌లో రైల్వే టెలిఫోన్ తీగలు లాగే పని చేసి రిటైరై, ఇప్పుడు మా దగ్గర అటెండర్‌గా ఉన్న మల్లయ్య తాత టీ తెచ్చాడు.

"ఏంది సారూ, గంత పరేషాన్‌ల ఉన్నరు?"

"ఈ కంప్యూటర్ పంపేది ఆ గదిలో టెర్మినల్‌కు అందుతలేదు తాతా."

"ఇటు నోటి తీగ అటు చెవికి కలిపిండ్రా, నోటికే కలిపిండ్రా? జర చూడుండ్రి."

నోటికే కలిపాను, అంటే ఇటు పంపే తీగను అటు పంపే తీగకే! రెండు తీగలు అటూ ఇటూ మార్చగానే తెర మీద 'లాగిన్' అని వచ్చింది. సంతోషంతో తాతను పట్టుకుని ఊపేస్తే టీ ఒలికింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ గారు నన్ను మెచ్చుకున్నారు. నేను తాత పేరు ఎత్తలేదు. అప్పటి నుంచి మనసు కుదుటగా లేదు. పొద్దున్నే వెళ్లి, దారి చూపింది తాతేనని ఆయనకు చెప్పేస్తాను. మీరైతే అక్కడే చెప్పేవారా?